లోపలి గడియ
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘముల దర్శనము)

ధ్యాన భాగములు: యోహాను 20వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము



2025వ సంవత్సరపు శ్రమకాలములో, మార్చి నెలాఖరున, మేము మా సంఘపెద్దలిద్దరితో కలిసి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలోని కొన్ని చిన్న సంఘములను దర్శించి వచ్చాము. ఇవి మైకులు, పందిళ్ళు ఉన్న పెద్ద కూటములు కావు. ఇంటింటికి వెళ్ళడం, వాక్యము చదవడం, ప్రార్థన చేసి లేవడం, అంతే. ఆ సంవత్సరము పునరుత్థాన పండుగ ఏప్రిల్ 20న వచ్చింది. పండుగకు ముందు ఈ కుటుంబములను పలకరించాలన్నది మా ఉద్దేశము.

పునరుత్థానమును గూర్చి బోధించడానికి వెళ్ళిన మమ్మును ఆ మూడు పట్టణములలో ముగ్గురు మూడు ప్రశ్నలు అడిగారు. ప్రశ్నలు మూడైనా లోపలి బాధ ఒక్కటే. వాటిని ఇక్కడ మీతో పంచుకొంటున్నాము. మీ ఇంటిలో కూడా ఎవరో ఒకరు ఇదే ప్రశ్నను పైకి చెప్పకుండా మోస్తూ ఉండవచ్చును.

కరీంనగర్ నుండి జగిత్యాలకు మేము ఎక్కిన బస్సు నిండా స్త్రీలే. 2023 డిసెంబరు నుండి తెలంగాణలో ఆడవారికి ఆర్.టి.సి. ప్రయాణము ఉచితమైంది గనుక, ఆసుపత్రికి పోయేవారు, కూతురి ఇంటికి పోయేవారు, కూరగాయల మూటలవారు అందరూ అందులోనే ఉన్నారు. గంగాధర దాటినంతసేపు మాటలే మాటలు. కొండగట్టు దగ్గరకు వచ్చేసరికి మా పక్క సీటులోని పెద్దమ్మ మాట ఆపి, కిటికీ వైపు చూచి, కళ్ళు తుడుచుకొన్నది. 2018 సెప్టెంబరు 11న ఆ కొండ మీది ఘాటు రోడ్డులో ఆర్.టి.సి. బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెలవారే ఎక్కువమంది. "మా ఊరోళ్ళు ఉన్నరు సారూ దాంట్ల" అని మాత్రం అన్నది. మేమేమీ అడగలేదు. ఈ ప్రాంతములో మరణము పుస్తకములోని మాట కాదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషిని అడిగితే చాలు, ఒక పేరు చెబుతుంది.

జగిత్యాల: చచ్చినవాడు లేస్తాడా?

జగిత్యాలకు వెళ్ళినవారు అక్కడి కోటను చూడకుండా రారు. పద్దెనిమిదవ శతాబ్దములో కట్టిన ఈ కోట నక్షత్ర ఆకారములో ఉంటుంది. చుట్టూ లోతైన కందకము, ఎత్తైన రాతి గోడ, బురుజుల మీద ఫిరంగులు. దీనిని కట్టించడంలో ఫ్రెంచివారి చేయి ఉన్నదని చెబుతారు. శత్రువు ఎటువైపు నుండి వచ్చినా కనబడేలాగు, లోపలివారికి భయము లేకుండేలాగు కట్టారు. అయినను ఆ పాలకులు పోయారు, ఆ సైన్యములు పోయినవి. గోడ నిలిచింది, గోడ కాపాడవలసినవారు నిలువలేదు.

మాతో వచ్చిన స్థానిక పెద్ద ఒకాయన మరొక సంగతి జ్ఞాపకము చేశారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్రను, ఆ తరువాత అదే సంవత్సరము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించడాన్ని ఆయన చిన్ననాడు చూచారట. "అప్పుడు పొద్దుగూకితే తలుపులు మూసుడే అయ్యగారు. ఎవరు తలుపు కొట్టినా తీయాలంటే భయమే. కొట్టింది ఎవరో తెల్వదు గదా" అన్నారు. ఆ మాటలు వింటున్నప్పుడు మాకు యోహాను సువార్త 20వ అధ్యాయము గుర్తుకు వచ్చింది. ప్రభువు లేచిన ఆదివారపు సాయంకాలము శిష్యులు ఏమి చేస్తున్నారు? భయముతో తలుపులు మూసుకొని కూర్చున్నారు. ఖాళీ సమాధి సంగతి వారి చెవిని పడింది గాని, భయము మాత్రము పోలేదు. ప్రభువు ఆ మూసిన ఇంటిలోనికే వచ్చి, వారి మధ్య నిలిచి, మొదట సమాధానము చెప్పాడు. ఎందుకు పారిపోయారని అడగలేదు.

ఆ సాయంత్రము ఊరి బయట ఒక రైతు ఇంటి వాకిట కూటము జరిగింది. ఆ రైతు భార్య విశ్వాసి, ఆయన కాదు. ఆయన ఏమీ దాచుకోకుండా సూటిగా అడిగారు: "అయ్యగారు, నేను అరవై ఏండ్ల మనిషిని. కాష్ఠం కాలంగ చూసిన, బొంద పెట్టంగ చూసిన. ఒక్కడు తిరిగి రాలేదు. చచ్చినోడు లేస్తడంటే ఎట్ల నమ్మాలె?"

ఇది ఎగతాళి కాదు, నిజముగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. అటువంటివానికి కోపముతో జవాబు చెప్పకూడదు. తోమాకు ప్రభువు కోపముతో జవాబు చెప్పలేదు గదా. గాయములు చూపించాడు.

ఆ ఇంటి ముందు యాసంగి వరి పొలము పాలు పోసుకొని ఉన్నది. జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానము ఉన్నది. అక్కడ రూపొందిన "జగిత్యాల సన్నాలు" అనే వరి రకము తెలంగాణ పల్లెలలో పేరు పొందినది. కాబట్టి మేము విత్తనము సంగతే ఎత్తుకొన్నాము. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయములో ఇదే ప్రశ్నకు పౌలు విత్తనము పోలికతోనే జవాబు చెప్పాడు. విత్తినది ఒక రూపము, మొలిచేది వేరొక రూపము. గింజ తన మొదటి రూపమును పోగొట్టుకొన్న తరువాతనే దేవుడు దానికి కొత్త శరీరమును ఇస్తున్నాడు. మృతుల పునరుత్థానమును దీనినిబట్టి ఆలోచించమన్నాడు.

అప్పుడు ఆ రైతే మాకు ఒక పాఠము చెప్పారు. "వడ్లు నానబెట్టి, గోనెసంచిల మండె కడతం అయ్యగారు. పిలగాండ్లు మొలకొచ్చిందా అని గడియకొక్కసారి మూట ఇప్పుతరు. ఇప్పితే ఉడుకు పోతది, మొలక సరిగ రాదు. ఓపిక పట్టాలె" అన్నారు. ఆ మాట అన్న తరువాత తానే కొంచెము నవ్వి, "నాది గూడ గంతే కావచ్చు" అన్నారు.

మేము ఆయనను ఇంకేమియు ఒత్తిడి చేయలేదు. ఈ సంగతి సంఘపెద్దలు, కాపరులు గమనించాలి. కోట తలుపును బయటినుండి ఫిరంగితో పగులగొట్టవచ్చును. హృదయపు తలుపుకు గడియ లోపలి వైపు ఉన్నది. ప్రకటన గ్రంథము 3వ అధ్యాయములో ప్రభువు తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాడని చదువుతాము. సమాధి రాయి తొలగిపోయిన ఉదయమున లేచినవాడు మనిషి గుండె ముందు మాత్రము నిలబడి తట్టుతున్నాడు. ఆయనకు శక్తి చాలక కాదు, మనలను ప్రేమించాడు గనుక.

కోరుట్ల: సమాధి లేనివాడు లేస్తాడా?

జగిత్యాల నుండి కోరుట్లకు పాతిక కిలోమీటర్లలోపే. దారి పొడుగునా పసుపు. తవ్వి, ఉడకబెట్టి, కళ్ళములలో ఆరబోసిన పసుపు కొమ్ములు ఎండలో మెరుస్తున్నవి. ఆ వాసన బస్సులోనికి కూడా వస్తుంది. ఇక్కడి రైతులు పసుపు, చెరకు పంటలకు పేరు పడినవారు. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినప్పటినుండి చెరకు రైతులకు కష్టకాలము వచ్చింది. పొలము చాలనివారు, అప్పు తీరనివారు గల్ఫ్ బాట పట్టారు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ వైపు ఏ వాడకు వెళ్ళినా దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ అనే మాటలు పక్క ఊరి పేర్లవలె వినబడతాయి.

ఇంటి దగ్గర మిగిలిన స్త్రీలు బీడీలు చేస్తారు. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, చేతిలో కత్తెర, దారము. మాట్లాడుతూనే ఉంటారు, చేతులు ఆగవు. మేము కోరుట్లలో దిగిన దినములలో ముస్లిం సోదరుల రంజాను ఉపవాసములు జరుగుతున్నవి. సాయంత్రము ఉపవాసము విడిచే వేళ బజారులో సందడి. ఒకే వాడలో ఒక ఇంటిలో రోజా, ఒక ఇంటిలో శ్రమకాలపు ఉపవాసము, ఒక ఇంటిలో ఉగాదికి సున్నము వేయడం చూచాము. కష్టము మాత్రము అందరి ఇండ్లలో ఒకే తీరున ఉన్నది.

ఒక సహోదరి ఇంటికి స్థానిక సంఘకాపరి మమ్మును తీసుకొని వెళ్ళారు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమె భర్త గల్ఫ్‌లో కూలి పనికి వెళ్ళి 2020లో కరోనా సమయమున అక్కడే చనిపోయాడు. ఆ నెలలలో విమానములు ఆగిపోయినవి. సాధారణ దినములలోనే శంషాబాద్ విమానాశ్రయమునకు పెట్టె చేరడానికి వారములు పడుతుంది. ఆ సంవత్సరము ఎందరినో అక్కడే మట్టి చేశారు. ఆమె భర్త కూడా అలాగే ఎడారి ఇసుకలో ఉన్నాడు. ఆమెకు సెల్‌ఫోనులో వచ్చిన ఒక ఫొటో తప్ప మరేమీ మిగలలేదు.

మన సంఘములలో పునరుత్థాన దినమున తెల్లవారక ముందే సమాధుల తోటకు వెళ్ళే ఆచారము మీకు తెలుసు. ముందురోజే సమాధులకు సున్నము వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, చీకటి ఉండగానే పాటలు పాడతాము. ఆ సహోదరి చేతిలోని బీడీని కట్టి, చాటలో వేసి, తల ఎత్తకుండానే అడిగింది: "పండుగ నాడు అందరు గోరీల కాడికి పోతరు అయ్యగారు. వాళ్ళ మనిషి ఆడున్నడు. నేను ఏడికి పోవాలె? ఐదేండ్లయింది, ఆ పొద్దు నేను ఇల్లు దాటి ఎల్లను. గోరీ లేనోడు గూడ లేస్తడా?"

మాతో వచ్చిన పెద్దలు తల దించుకొన్నారు. కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత యోహాను 20వ అధ్యాయమును తెరచి, మగ్దలేనే మరియ ఏడ్చిన భాగమును నెమ్మదిగా చదివాము.

ప్రియులారా, మీరు కూడా ఈ భాగమును మరల చదవండి. మరియ సమాధి దగ్గర ఎందుకు ఏడ్చింది? ప్రభువు చనిపోయినందుకు శుక్రవారమే ఏడ్చింది. ఆదివారపు ఏడ్పు వేరు. దేహము కనబడలేదు. ఎవరో తీసికొనిపోయారు, ఎక్కడ ఉంచారో తెలియదు. సుగంధ ద్రవ్యము పూయడానికి కూడా ఒక దేహము లేదు. కోరుట్ల సహోదరి దుఃఖము అదే. పునరుత్థానుడైన ప్రభువు మొదట ఎవరికి కనబడ్డాడు? పేతురుకు కాదు, యోహానుకు కాదు. తన మనిషి దేహము ఎక్కడున్నదో తెలియక ఏడ్చిన స్త్రీకి. ఆమె ఆయనను తోటమాలి అనుకొన్నది. కన్నీళ్ళు నిండిన కళ్ళకు ఎదుటి మనిషి కనబడడు. ఆయన వాదించలేదు, రుజువులు చూపలేదు. ఆమెను పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు గుర్తు పట్టింది.

"అమ్మా, మన ప్రభువు గోరీని చూచి మనిషిని లేపడు, పేరు పెట్టి పిలిచి లేపుతాడు. ప్రకటన గ్రంథము 20వ అధ్యాయములో సముద్రము కూడా తనలోని మృతులను అప్పగిస్తుందని రాసి ఉన్నది. సముద్రము దాచుకోలేనిదానిని ఇసుక దాచుకొంటుందా?" అని మేము చెప్పాము.

ఆమె చాలాసేపటికి అన్న మాట ఇది: "ఆయన పేరు ప్రభువుకు యాదికుంటదా?"

"ఉంటదమ్మా" అన్నాము.

ఆ రాత్రి ఆ ఊరి సంఘకాపరితో కూర్చొని మాట్లాడాము. పునరుత్థాన దినమున సమాధుల తోటలో ఆరాధన ప్రారంభించే ముందు, ఇక్కడ సమాధి లేనివారి పేర్లను కూడా చదివితే ఎలా ఉంటుందని తలంచాము. గల్ఫ్‌లో పోయినవారు, బొంబాయిలో పోయినవారు, కరోనాలో చివరి చూపు దక్కనివారు. ఏప్రిల్ 20 తరువాత ఆ కాపరి ఫోను చేసి, పేర్లు చదివామని, పదకొండు పేర్లు వచ్చాయని చెప్పారు. ఆ సహోదరి వచ్చిందా అని అడిగాము. వచ్చిందట. చేతిలో కొవ్వొత్తి పట్టుకొని, ఎవరి సమాధి దగ్గర పెట్టాలో తెలియక నిలబడితే, పక్కింటి ముసలమ్మ తన భర్త సమాధి మీద కొంచెము చోటు చూపించి, "ఈడ పెట్టు బిడ్డా" అన్నదట.

మాకు ఈ మాట చాలా దినములు గుర్తుండిపోయింది. హృదయము తెరచుకోవడమంటే ఇదే గదా. ఆ ముసలమ్మ తన దుఃఖములో మరొకరి దుఃఖమునకు చోటు ఇచ్చింది.

సిరిసిల్ల: తన చేతులతో పోయినవాడు లేస్తాడా?

కోరుట్ల నుండి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ చేరి, అక్కడినుండి సిరిసిల్లకు వెళ్ళాము. వేములవాడలో రాజన్న గుడికి వచ్చిన యాత్రికులతో దారి కిటకిటలాడుతున్నది. వేములవాడకు, సిరిసిల్లకు నడుమ దూరము ఇంచుమించు ఆమడ. లూకా సువార్త 24వ అధ్యాయములో యెరూషలేము నుండి ఎమ్మాయుకు ఉన్న దూరము కూడా అంతే. ఆ దారిలో ఇద్దరు శిష్యులు నడుస్తూ, తమకు ఎంతో ఆశ ఉండెననియు, అది తీరలేదనియు చెప్పుకొన్నారు. తమతో నడుస్తున్నది ఎవరో వారికి తెలియలేదు. ఆశ చచ్చిపోయినవారి నడక ఎలాగుంటుందో సిరిసిల్ల వారికి చెప్పనవసరము లేదు.

మానేరు ఒడ్డునున్న ఈ పట్టణము నేతపనివారిది. ఒకనాడు చేమగ్గములు, తరువాత మరమగ్గములు. ఇక్కడివారు వాటిని సాంచాలు అంటారు. వీధిలో అడుగు పెడితే పగలూ రాత్రీ టకటకమని అదే శబ్దము. పని దొరకక భివండి, షోలాపూర్ వెళ్ళి స్థిరపడినవారు ఎందరో. 1990ల చివరినుండి అప్పుల బాధతో, పని లేక ప్రాణములు తీసుకొన్న నేతకార్మికుల వార్తలు ఈ ఊరినుండి వస్తూ వచ్చాయి. 2017 నుండి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చి కొన్ని సంవత్సరములు సాంచాలు నడిచాయి. 2024లో ఆ ఆర్డరు లేక మళ్ళీ సాంచాలు ఆగాయి, మళ్ళీ మరణముల వార్తలు వచ్చాయి. ఆ తరువాత మహిళా సంఘాల సభ్యుల చీరల పని వచ్చింది. ఒక ఆర్డరు మీద ఒక ఊరి ఊపిరి ఆధారపడి ఉన్నది.

ఇక్కడ కూటము రాత్రి తొమ్మిది దాటిన తరువాతనే పెట్టవలసి వచ్చింది. సాంచాల పనివారు, ఆసాములు, కండెలు చుట్టే స్త్రీలు, బీడీలు చేసేవారు వచ్చారు. యోహాను 20వ అధ్యాయములోనే, పేతురు సమాధిలోనికి వెళ్ళి చూచిన భాగమును చదివాము. నారబట్టలు పడి ఉన్నవి. తలకు కట్టిన రుమాలు వాటితో కలిసి లేదు, వేరుగా ఒకచోట చుట్టి పెట్టి ఉన్నది. ఈ సంగతి ఎందుకు రాయబడినదో చెప్పమని అడిగాము. రోజుకు పన్నెండు గంటలు సాంచాల నడుమ నిలబడే ఒక కార్మికుడు లేచి, ఏ వ్యాఖ్యాన గ్రంథములోను మేము చూడని మాట చెప్పాడు:

"దొంగలైతే బట్ట చుట్టి పెట్టరు అయ్యగారు, ఎత్తుకొని ఉరుకుతరు. మేము డ్యూటీ దిగేటప్పుడు మెడల తువ్వాల తీసి, దులిపి, మడిచి సాంచ మీద పెట్టి ఇంటికి పోతం. పని అయిపోయిందని గుర్తు. ప్రభువు గూడ పని అయిపోయిందని పెట్టి లేసిండు."

అందరూ ఒక్కసారి "ఆమేన్" అన్నారు. బట్టతో బ్రతికేవారికే ఆ బట్ట సంగతి తెలిసింది.

కూటము ముగిసిన తరువాత ఒక తల్లి గడప దగ్గరనే కూర్చొని ఉన్నది, లోపలికి రాలేదు. ఆమె కొడుకు సాంచాల కార్మికుడు. ఇరవై సంవత్సరముల క్రిందట అప్పుల బాధలో తన ప్రాణము తానే తీసుకొన్నాడు. అప్పుడు ఒక బోధకుడు వచ్చి, అలా పోయినవారికి పునరుత్థానములో పాలు లేదని చెప్పి వెళ్ళాడట. ఆనాటినుండి ఆమె ప్రభురాత్రి భోజనమునకు రాలేదు. కొడుకు లేని బల్ల దగ్గర తాను ఎట్లు కూర్చోవాలని అనుకొన్నది. ఆమె ప్రశ్న చాలా చిన్నది: "నా కొడుకు లేస్తడా, లేవడా?"

ఈ ప్రశ్నకు తొందరపడి ఏ వైపునను జవాబు చెప్పకూడదు. జీవము దేవుడు ఇచ్చినది. దానిని తుంచుకొనే అధికారము మనకు లేదు. ఈ మాట బ్రతికి ఉన్నవారికి గట్టిగా, ప్రేమతో చెప్పాలి. అయితే పోయినవాని మీద తీర్పు చెప్పే పీఠము సంఘమునకు ఇవ్వబడలేదు. నలిగిన మనస్సు కూడా రోగమే. అప్పుల భారము, అవమానము, నిద్రలేని రాత్రులు మనిషి ఆలోచనను చీకటి చేస్తాయి. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షము క్రింద కూర్చొని చావు కోరినప్పుడు (1 రాజులు 19వ అధ్యాయము) దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పంపాడు, నీళ్ళు పంపాడు, ప్రయాణము చాలా ఉన్నదని జాలిపడ్డాడు.

"అమ్మా, నీ కొడుకు చివరి ఘడియను ఆ బోధకుడు చూడలేదు, మేము చూడలేదు, నీవు కూడా చూడలేదు. ప్రభువు చూచాడు. చూచినవానికే అతని సంగతి అప్పగించు. ఆయన చేతులలో మేకుల గాయములు ఉన్నవి. ఆ చేతులు నీ చేతులకన్న కఠినమైనవి కావు. మరణమైనను దేవుని ప్రేమనుండి మనలను ఎడబాపలేదని పౌలు రోమా పత్రిక 8వ అధ్యాయములో చెప్పాడు. ఆ మాటకు పౌలు మినహాయింపు రాయలేదు" అని చెప్పాము.

ఆమె జవాబు చెప్పలేదు. లేచి లోపలికి పోయింది. మేము సెలవు తీసుకొందామని చెప్పులు వేసుకొంటుండగా బయటికి వచ్చి, "అన్నం తిని పోండ్రి. పొయ్యి మీద పెట్టిన" అన్నది. రాత్రి పదకొండు గంటలు దాటింది. కూర్చొని తిన్నాము. ఇరవై ఏండ్లలో ఆ ఇంట సంఘకాపరులు అన్నము తినడం అదే మొదటిసారి అని తరువాత తెలిసింది.

లూదియ ఇల్లు, చెరసాల నాయకుని ఇల్లు

తిరుగు ప్రయాణములో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము మా మనస్సులో మెదిలింది. ఫిలిప్పీలో ఊదారంగు అమ్ముకొనే లూదియ అనే స్త్రీ ఉండెను. ఆమె కూడా బట్టల లోకమునకు దగ్గరి మనిషే. ఆమె హృదయమును ప్రభువు తెరచాడని లూకా రాశాడు. పౌలు మాటకారితనము తెరవలేదు, ప్రభువు తెరచాడు. తెరచిన వెంటనే ఆమె చేసిన మొదటి పని ఏమి? తన ఇంటి తలుపు తెరచి, వచ్చి ఉండమని దైవసేవకులను బలవంతము చేసింది.

అదే అధ్యాయములో, అదే పట్టణములో, ఒక అర్ధరాత్రి చెరసాల నాయకుడు ఆశ వదులుకొని ప్రాణము తీసుకోబోయాడు. పౌలు చీకటిలోనుండి పెద్ద శబ్దముతో కేక వేసి, హాని చేసుకోవద్దని, తామందరు అక్కడే ఉన్నామని చెప్పాడు. ముందు కేక, తరువాత సువార్త. ఆ రాత్రే ఆ మనిషి పౌలు సీలల గాయములు కడిగి, ఇంటికి తీసికొనిపోయి భోజనము పెట్టాడు.

ఈ రెండు ఇండ్లను చూడండి. హృదయము తెరచుకొన్నదనుటకు లేఖనము చూపించే గుర్తు కన్నీళ్ళు కాదు, పెద్ద సాక్ష్యము కాదు. ఇంటి తలుపు తెరచుకొన్నది, అన్నము పెట్టబడినది. పునరుత్థానమును నమ్మినవాడు చావుకు భయపడి మూసుకొన్న తలుపును తెరుస్తాడు. విశ్వాస ప్రమాణములో "శరీర పునరుత్థానము" అని ప్రతి ఆదివారము చెబుతున్నాము. ఆ మాట సోమవారము మన గడప దగ్గర కనబడాలి.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగములో వెస్లియన్ మిషనెరీలు ఈ కరీంనగర్ ప్రాంతమునకు సువార్త తెచ్చినప్పుడు, దానిని ముందుగా అందుకొన్నది ఊరి చివర వాడలవారు. ఏ గుమ్మమూ వారికి తెరచి ఉండని కాలమది. లేచిన ప్రభువు తమ ఇంటికి వచ్చి కూర్చుంటాడన్న మాటను వారు నమ్మారు. మనము వారి పిల్లలము. మన గుమ్మము మూసి ఉండకూడదు.

కాబట్టి ఈ పునరుత్థాన కాలములో మీ సంఘములలో మూడు పనులు చేయమని ప్రేమతో మనవి చేస్తున్నాము.

ఒకటి, మీ ఇంటిలో ఇంకా నమ్మనివారిని వాదముతో నెట్టవద్దు. మండె కట్టిన మూటను గడియకొకసారి విప్పవద్దు. ప్రార్థించండి, మీ నడవడిని చూడనివ్వండి, వారు అడిగినప్పుడు జవాబు చెప్పండి.

రెండు, సమాధుల తోటకు వెళ్ళేటప్పుడు, వెళ్ళడానికి సమాధి లేనివారిని వెంటబెట్టుకొని వెళ్ళండి. వారి మనిషి పేరును కూడా పలకండి.

మూడు, అప్పులలో ఉన్నవానిని, పని పోయినవానిని, నాలుగు దినములుగా ఎవరితోను మాట్లాడనివానిని చూచినప్పుడు రేపు కలుద్దామని అనుకోవద్దు. పౌలువలె అర్ధరాత్రి అయినా కేక వేయండి. మేమందరము ఇక్కడే ఉన్నామని చెప్పండి. వాని పక్కన కూర్చోండి, డాక్టరు దగ్గరకు తీసికొని వెళ్ళండి. మనస్సు బాగులేనివారితో తెలుగులో మాట్లాడడానికి 14416 అనే ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు ఉన్నది. దానిని మందిరపు గోడ మీద రాసి పెట్టండి. ఇది విశ్వాసము లేకపోవడం కాదు. ఏలీయాకు రొట్టె పంపిన దేవుడే ఈ సహాయమును కూడా ఏర్పరచాడు.

ఇక నీ సంగతి, ప్రియ పాఠకుడా, ప్రియ సహోదరీ. బయటి గుమ్మము సంగతి అయింది. లోపలి గడియ మిగిలి ఉన్నది. ఏదో ఒక మరణము, ఏదో ఒక అవమానము, ఎవరో అన్న ఒక కఠినమైన మాట ఆ గడియను బిగించి ఉండవచ్చును. తట్టుచున్నవాడు లెక్క అడగడానికి రాలేదు. ఆయన గాయములు ఇంకా ఆయన చేతులమీదనే ఉన్నవి. లోనికి వస్తే నీతో కూర్చొని భోజనము చేస్తాడు.

ప్రార్థన: మరణమును జయించి లేచిన ప్రభువా, భయముతో మూసుకొన్న మా ఇండ్లలోనికి రమ్ము. సమాధి ఎక్కడున్నదో తెలియక ఏడ్చేవారిని పేరు పెట్టి పిలువుము. దారిలో ఆశ చచ్చినవారితో కలిసి నడువుము. మా హృదయములను నీవే తెరచి, మా తలుపులను మా పొరుగువారికి తెరచునట్లు మాకు కృప దయచేయుము. ఆమేన్.